పెద్ద టెక్ కంపెనీలో ఉద్యోగం: గోదావరి జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి ఊరొచ్చినా, పెళ్లిలో బంతికి కూర్చున్నా, వాట్సాప్‌లో కాలేజీ జూనియర్లు పలకరించినా నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భీమవరంలో ఇంజినీరింగ్ చదివాను. మొదట ఇతర కంపెనీలకి సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే ఒక సర్వీస్ కంపెనీలో చేసి, తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద అమెరికన్ టెక్ కంపెనీలో చేరాను. దాని పేరు ఇక్కడ రాయను. పేరు తెలియకపోయినా నష్టం లేదు, ఈ కంపెనీలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి నడిచేవే. ప్రశ్నలు మాత్రం అడిగినవాళ్లు అడిగినట్టే పెట్టాను.

మీ కంపెనీ మంచిదేనా అమ్మా?

ఏ టీమ్, మేనేజర్ ఎవరు అని అడిగితే చెప్పగలను గానీ, కంపెనీ మంచిదా అంటే చెప్పలేను. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లే అయినా కాలువ మొదట్లో ఉన్న చేనుకీ శివారు చేనుకీ ఒకేలా అందవు కదా, ఇదీ అంతే. గేటు మీద బోర్డు ఒకటే, క్యాంటీన్ ఒకటే. నాలుగో అంతస్తులో ఆరింటికి బ్యాగులు సర్దుకుంటుంటారు, ఆరో అంతస్తులో అప్పుడే టీ తాగొచ్చి రాత్రి కాల్‌కి కూర్చుంటారు. లక్షమంది ఉన్న కంపెనీ అయినా మన రోజు గడిచేది ఎనిమిది పదిమందితోనే. ఉద్యోగులు కంపెనీలకి మార్కులేసే గ్లాస్‌డోర్ సైట్‌లో నాలుగు చుక్కలున్నాయని చేరిపోతుంటారు కొందరు. ఆ సగటులో మీ టీమ్ కనిపించదు.

తెలుసుకునే దారి ఉంది. ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా’ అంటారు. మనవాళ్లు మర్యాదకి ‘ఏం లేదండీ’ అనేస్తారు. అనకండి. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? గత ఏడాదిలో టీమ్‌లోంచి ఎంతమంది వెళ్లిపోయారు? ఆన్-కాల్ (ఏ వేళైనా సిస్టమ్ చూసుకునే వంతు) ఎన్ని వారాలకోసారి వస్తుంది? నా మేనేజర్ కూర్చునేది హైదరాబాద్‌లోనా, అమెరికాలో సియాటిల్‌లోనా? ఈ నాలుగూ అడగండి. రెండో ప్రశ్నకి అవతలి మనిషి నీళ్లు నమిలితే మీకు కావాల్సిన సమాచారం వచ్చేసినట్టే.

మన కాలేజీల్లో చదివినవాళ్లని తీసుకుంటారా అక్కా?

తీసుకుంటారు. భీమవరం, కాకినాడ, అమలాపురం, సూరంపాలెం కాలేజీల్లో చదివినవాళ్లు ఇలాంటి కంపెనీల్లో బోలెడుమంది ఉన్నారు. ఐఐటీకైతే కంపెనీయే నడిచొస్తుంది, మన కాలేజీ నుంచైతే మనమే వెళ్లాలి, అదే తేడా. మన క్యాంపస్‌లకి ఎక్కువగా వచ్చేవి సర్వీస్ కంపెనీలు. వాటిలో చేరి, రెండు మూడేళ్లు పని నేర్చుకుని, రాత్రిళ్లు ప్రిపేరై మారినవాళ్లే మాలో ఎక్కువ. ఆ దారిలో వెళ్లడం చిన్నతనమేమీ కాదు. మొదటి ఉద్యోగం ఎక్కడ చేశావని రెండో ఉద్యోగంలో ఎవరూ అడగరు.

ఇంటర్వ్యూ నాలుగైదు రౌండ్లుంటుంది. రెండు మూడు రౌండ్లు డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌ల మీద. అనుభవం ఉన్నవాళ్లకి సిస్టమ్ డిజైన్, అంటే పెద్ద సిస్టమ్‌ని ఎలా కడతావని అడిగే రౌండ్ ఉంటుంది. ఒక రౌండ్‌లో, గొడవ వచ్చినప్పుడు ఏం చేశావు, గడువు దాటిపోతుంటే ఏం చేశావు అని అడుగుతారు. లీట్‌కోడ్ సైట్‌లో కోడింగ్ లెక్కలు చేయాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి మన పిల్లల్లో కనిపించే రెండు సంగతులు చెప్తాను. ఒకటి, మౌనంగా ఆలోచిస్తారు. పది నిమిషాలు స్క్రీన్ వంక చూసి ఒక్కసారిగా జవాబు రాసేస్తారు. జవాబు కరెక్టే కావచ్చు. కానీ మేం రాసుకోవాల్సింది వాళ్లు ఎలా ఆలోచించారన్నది. నోరు విప్పి, ‘ముందు ఇలా చేద్దామనుకుంటున్నాను, కానీ డేటా ఎక్కువైతే ఇది నెమ్మదిస్తుంది’ అని చెప్తూ రాయాలి. ఇంగ్లీష్ తడబడినా పర్లేదు. రెండోది, రెజ్యూమేలో కొనుక్కున్న ప్రాజెక్టు పెడతారు. ‘ఈ టేబుల్‌కి ఈ ఇండెక్స్ ఎందుకు పెట్టావు’ అని ఒక్క మాట అడిగితే బయటపడిపోతుంది. సొంతంగా చేసిన చిన్న ప్రాజెక్టే నయం. రొయ్యల చెరువులో ఆక్సిజన్ రీడింగులు నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చేసిన కుర్రాడితో ముప్పావుగంట ఆ చిన్నదాని గురించే మాట్లాడాను. ప్రతి ప్రశ్నకీ జవాబుంది అతని దగ్గర.

నువ్వు రిఫర్ చేస్తే వచ్చేస్తుందిగా?

రాదు. రిఫరల్ అంటే లోపల పనిచేసేవాళ్ల సిఫార్సు. దానివల్ల రెజ్యూమేని ఎవరో ఒకరు తెరిచి చూస్తారు, అంతవరకే. అన్నట్టు, రిఫరల్‌కి డబ్బు తీసుకునేవాళ్లు కొందరు తయారయ్యారు. అది కంపెనీ రూల్స్‌కి విరుద్ధం. పైగా ఇచ్చినవాళ్ల డబ్బూ పోతుంది.

ప్యాకేజీ 32 లక్షలంటే నెలకి రెండున్నర లక్షల పైనేనా?

కాదు. దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఈ లెక్క తెలియక ఇళ్ల స్థలాలకి అడ్వాన్సులిచ్చి టెన్షన్ పడినవాళ్లున్నారు.

ఆఫర్ లెటర్‌లో 32 లక్షలున్నాయనుకోండి. మామూలుగా దాన్ని ఇలా విడగొడతారు: ఫిక్స్‌డ్ 20 లక్షలు, బోనస్ 2 లక్షలు, షేర్లు ఏడాదికి 8 లక్షలు, జాయినింగ్ బోనస్ 2 లక్షలు. జాయినింగ్ బోనస్ మొదటి ఏడాదికే. ఏడాదిలోపు మానేస్తే చాలాచోట్ల వెనక్కి కట్టాలి. బోనస్ మీ రేటింగ్‌ని బట్టి, కంపెనీ లాభాల్ని బట్టి. షేర్లు చేతికొస్తేనే మీవి. అంటే నెలనెలా వచ్చేది ఆ 20 లక్షల్లోంచే.

ఆ 20 లక్షల్లో కూడా కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపేసి ఉంటాయి. బేసిక్ 10 లక్షలైతే పీఎఫ్‌లో కంపెనీ వాటా 12 శాతం, అంటే లక్షా 20 వేలు. గ్రాట్యుటీ 48 వేల చిల్లర. ఇవి పోతే 18 లక్షల 30 వేలు. అందులో మన వాటా పీఎఫ్ మరో లక్షా 20 వేలు. 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం ఆదాయపు పన్ను దాదాపు లక్షా 57 వేలు. ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకి 200. అన్నీ తీసేస్తే నెలకి చేతికొచ్చేది లక్షా 30 వేలకి కాస్త తక్కువ. ఊళ్లో చెప్పుకునేది రెండున్నర లక్షలు, బ్యాంకులో పడేది అందులో సగం. తక్కువ జీతమని కాదు నేను చెప్పేది. బ్యాంకు లోన్ ఈఎంఐ ఈ లక్షా 30 వేల మీద వేసుకోండి, 32 లక్షల మీద కాదు.

ఆ షేర్లు అమ్ముకోవచ్చా? పన్ను పడుతుందా?

వీటిని ఆర్‌ఎస్‌యూలంటారు. ఎక్కువ కంపెనీల్లో నాలుగేళ్లలో విడతలవారీగా మన ఖాతాలో పడతాయి. కొన్నిచోట్ల మొదటి ఏడాది పూర్తయ్యేదాకా ఒక్క షేరు కూడా రాదు. అమెజాన్ పద్ధతి చాలా ఏళ్లుగా మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, తర్వాత రెండేళ్లూ 40 చొప్పున. అందుకే అక్కడ మొదట్లో నగదు రూపంలో జాయినింగ్ బోనస్ ఎక్కువిస్తారు.

షేరు ఖాతాలో పడ్డ రోజునే దాని విలువ మొత్తం జీతం కింద లెక్క. మీరు అమ్మినా, అమ్మకపోయినా పన్ను కట్టాల్సిందే. అందుకని కంపెనీయే కొన్ని షేర్లు అమ్మి పన్ను కట్టి మిగిలినవి మనకి వేస్తుంది. ఆ తర్వాత ధర పడిపోతే కట్టిన పన్ను తిరిగి రాదు. మా పక్క చాలామంది ‘ఇంకా పెరుగుతుంది’ అని కూర్చుంటారు. నా పద్ధతి వేరు. పడగానే సగం పైన అమ్మేస్తాను. జీతమూ ఆ కంపెనీ మీదే, దాచుకున్నదీ ఆ కంపెనీ మీదే అయితే ఒక్క దెబ్బకి రెండూ పోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇవి అమెరికా షేర్లు కాబట్టి ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అది మన ఆర్థిక సంవత్సరం లెక్క కాదు, జనవరి నుంచి డిసెంబరు దాకా. చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్లొచ్చు. మన ఊరి ఆడిటర్లకి రైస్ మిల్లు లెక్కలు, చెరువుల లెక్కలు కొట్టినపిండి, కానీ ఈ షెడ్యూల్ వాళ్లకి రోజూ తగిలేది కాదు. అడిగి, తెలుసంటేనే ఇవ్వండి.

రోజంతా కంప్యూటర్ ముందు ఏం చేస్తావే?

ఇది మా అమ్మ ప్రశ్న. కోడ్ రాయడం రోజులో రెండు మూడు గంటలే. మిగతాది పక్కవాళ్లు రాసిన కోడ్ చదివి తప్పులు చెప్పడం, ఏం కట్టబోతున్నామో డిజైన్ డాక్యుమెంట్ రాయడం, దాని మీద వచ్చిన కామెంట్లకి జవాబులివ్వడం, ఇంకో టీమ్ వాళ్లని బతిమాలుకోవడం. పెద్ద కంపెనీలో ఒక బటన్ మార్చాలన్నా మూడు టీమ్‌లు ఒప్పుకోవాలి. చిన్న కంపెనీ నుంచి వచ్చినవాళ్లకి మొదటి ఆర్నెల్లు ఇది చికాకు. బాగా రాయగలిగినవాళ్లు ఇక్కడ పైకొస్తారు. ఆ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు.

ఆన్-కాల్ అంటే ఏంటి? పండక్కి కూడా ల్యాప్‌టాప్ తెస్తావెందుకు?

వంతులవారీగా ఒక వారం పాటు మన సిస్టమ్ బాధ్యత మనది. ఏది పాడైనా, ఏ వేళకైనా ఫోన్ మన చేతిలో మోగుతుంది.

ఒక భోగి ముందురోజు సంగతి చెప్తాను. ఇంట్లో అరిసెలు వండుతున్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక అలర్ట్ మోగింది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ యాప్ మోగుతుంది, అలాగే పెట్టుకోవాలి. నిర్ణీత నిమిషాల్లో ‘చూశాను’ అని నొక్కకపోతే రెండో మనిషికి వెళ్తుంది, అతనూ తీయకపోతే మేనేజర్‌కి. వసారాలో ధాన్యం బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశాను. గ్రాఫ్‌లో ఎర్ర గీత 9:40 దగ్గర నిట్టనిలువుగా లేచింది. సియాటిల్‌లో అప్పుడు పొద్దున్న 8:10, వాళ్లు ఆఫీసులో అడుగుపెట్టి కొత్త వెర్షన్ వదిలిన సమయం. రెండు టైములూ పక్కపక్కన పెడితే సంగతి తెలిసిపోయింది. ఇలాంటప్పుడు కారణం కోసం తవ్వుతూ కూర్చోకూడదు. ముందు పాత వెర్షన్‌కి తిప్పేయాలి, కారణం తర్వాత. తిప్పేశాక గీత కిందికి దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు కాల్‌లో పదిహేనుమంది చేరి ‘అప్‌డేట్ ఏంటి’ అని అడుగుతూనే ఉన్నారు. పొయ్యి దగ్గర పాకం చూసుకుంటున్న మా పెద్దమ్మ, ‘ఏమ్మా, ఎవరికైనా బాగోలేదా?’ అంది.

తర్వాత ‘పోస్ట్‌మార్టం’ అనే రిపోర్టు రాస్తారు. అందులో తప్పు చేసిన మనిషి పేరు ఉండదు. ఆ తప్పు దాటిపోయేలా సిస్టమ్ ఎందుకు ఉంది, మళ్లీ జరక్కుండా ఏం చేయాలి అనేదే ఉంటుంది. మంచి టీమ్‌లో ఇది నిజంగా అలాగే జరుగుతుంది. చెడ్డ టీమ్‌లో పేరు డాక్యుమెంట్‌లో ఉండదు గానీ, ఏడాది చివర రేటింగ్‌లో కనిపిస్తుంది.

ఆన్-కాల్‌కి అదనంగా డబ్బు కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల జీతంలోనే ఉందంటారు. పండగ వారం తప్పించుకోవాలంటే బెంగాలీ సహోద్యోగితో ముందే మాట్లాడి పెట్టుకోండి. వాళ్ల దుర్గాపూజ వారం మనం చూస్తే మన సంక్రాంతి వారం వాళ్లు చూస్తారు. టీమ్ అంతా తెలుగువాళ్లే అయితే మాత్రం చీట్లు వేసుకోవాల్సిందే.

రాత్రి మీటింగులు రోజూ ఉంటాయా?

మేనేజర్ అమెరికాలో ఉంటే వారానికి రెండు మూడు ఖాయం. సియాటిల్‌లో పొద్దున్న 9 అంటే మనకి వేసవిలో రాత్రి 9:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, ఆ మర్నాటి నుంచి అదే మీటింగ్ మనకి 10:30. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. వాళ్లకి ఆ సంగతి గుర్తుండదు. అక్టోబరులోనే మీటింగ్ గంట ముందుకి జరపమని అడగండి. అడిగితే జరుపుతారు.

మేనేజర్‌తో ఎలా మసలుకోవాలి?

ఇక్కడ వైస్ ప్రెసిడెంట్‌ని కూడా పేరుపెట్టే పిలుస్తారు. ప్రతి వాక్యానికీ ‘అండి’ తగిలించే మనకి కొన్నాళ్లు నోరు తిరగదు, తర్వాత అలవాటవుతుంది. అసలు చిక్కు ‘కాదు’ అనడంలో ఉంది. మనం ఎవర్నీ ముఖం మీద కాదనం. ‘చూద్దాం లెండి’ అంటాం, అవతలివాళ్లే అర్థం చేసుకుంటారు. ఆఫీసులో ‘చూద్దాం’ అంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. శుక్రవారానికి పని అవదని తెలిసినప్పుడు సోమవారమే చెప్పేయాలి: ‘ఇది శుక్రవారానికి కాదు. ఫలానా భాగం తీసేస్తే అవుతుంది, లేదంటే వచ్చే బుధవారం.’ అలా చెప్పినవాళ్ల మీద నమ్మకం పెరుగుతుంది తప్ప తగ్గదు. గురువారం సాయంత్రం చెప్పినవాళ్ల మీదే కోపం వస్తుంది.

రేటింగులు, పిప్ అంటున్నారు. అవేంటి?

ఏడాదికోసారో రెండుసార్లో మనం చేసిన పని మనమే రాసివ్వాలి. తోటివాళ్లూ రాస్తారు. తర్వాత మేనేజర్లంతా ఒక గదిలో కూర్చుని ఎవరికెంత అని తేలుస్తారు. దాన్ని కాలిబ్రేషన్ అంటారు. ఆ గదిలో మనం ఉండం. మన తరఫున మాట్లాడే మేనేజర్‌కి మన పని ఎంత గుర్తుంటే అంతే. అందుకే టీమ్ గురించి మొదట్లో అంతలా చెప్పాను.

మైక్రోసాఫ్ట్‌లో ఒకప్పుడు ప్రతి టీమ్‌లోనూ ఇంతమందికి తక్కువ రేటింగ్ ఇవ్వాల్సిందే అన్న పద్ధతి ఉండేది. 2013 నవంబరులో తీసేశారు. పేరు తీసేసినా బోనస్ డబ్బు ఏ కంపెనీలోనైనా ఒక లెక్క ప్రకారమే ఉంటుంది కాబట్టి, ఒకరికి ఎక్కువిస్తే ఒకరికి తగ్గక తప్పదు.

‘నా పని నేనే పొగుడుకోవడమేంటి’ అని మనవాళ్లు రెండు ముక్కలు రాసి పంపేస్తారు. అక్కడే దెబ్బతింటారు. ప్రతి శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఆ వారం ఏం చేశాను, దానివల్ల ఏం మారింది, అంకెలేంటి అని ఒక ఫైల్‌లో రాసుకోండి. ‘సెర్చ్ వేగం పెంచాను’ అనొద్దు, ‘800 మిల్లీసెకన్ల నుంచి 300కి తగ్గింది’ అనండి.

పిప్ అంటే పనితీరు మెరుగుపరుచుకోమని ఇచ్చే గడువు. ఒకటి నుంచి మూడు నెలలు ఉంటుంది. దాన్నుంచి బయటపడి నిలబడ్డవాళ్లూ ఉన్నారు, కానీ తక్కువ. కాగితం చేతికొచ్చిన రోజే బయట ఉద్యోగం వెతకడం మొదలుపెట్టమంటాను. పని చేస్తూనే వెతకొచ్చు.

అబ్బాయి ఫలానా కంపెనీలో చేస్తున్నాడట. సంబంధం ఖాయం చేసుకోవచ్చా?

అబ్బాయి గుణగణాలు నాకెలా తెలుస్తాయండీ! ఉద్యోగం వరకైతే ఒకటి చూసుకోండి. ఆ బిల్డింగ్‌లో పనిచేసేవాళ్లంతా ఆ కంపెనీ ఉద్యోగులు కారు. మనుషుల్ని పనికి పంపే వెండర్ కంపెనీ జీతం మీద అదే క్యాంపస్‌లో కూర్చునేవాళ్లు చాలామంది. బ్యాడ్జి రంగు వేరుగా ఉంటుంది, షేర్లుండవు, ఇన్సూరెన్స్ వేరు. అబద్ధమాడుతున్నారని కాదు, పక్కవాళ్లకి విడమరిచి చెప్పరు అంతే. జీతంలో పన్ను కోతకి కంపెనీ ఇచ్చే ఫారం 16 మీద ఏ కంపెనీ పేరుందో చూస్తే తెలిసిపోతుంది. వెండర్ ఉద్యోగమైతే తప్పేం లేదు, లెక్క మాత్రం వేరు.

ఉద్యోగాలు పీకేస్తున్నారటగా?

2022 నవంబరులో మెటా 11 వేలమందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, అమెజాన్ 18 వేలని ప్రకటించాయి. 2025 జులైలో టీసీఎస్ కూడా తన ఉద్యోగుల్లో 2 శాతం, అంటే 12 వేలమంది పైన తగ్గిస్తామంది. ‘టీసీఎస్ అంటే గవర్నమెంటు ఉద్యోగం లాంటిది’ అనే మాట మా చుట్టాల్లో ఆ రోజుతో ఆగిపోయింది.

బాగా పనిచేసేవాళ్లని తీయరనుకోవడం పొరపాటు. ప్రాజెక్టు మొత్తం మూసేస్తే అందులో మంచి రేటింగ్ ఉన్నవాళ్లూ పోతారు. మన దగ్గర చాలాసార్లు ‘మీరే రాజీనామా చేసినట్టు ఇవ్వండి’ అంటారు. అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఎన్ని నెలల జీతం ఇస్తారు, ఖాతాలో పడే తేదీ దగ్గరపడ్డ షేర్లు కలుపుతారా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది అని మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో ఉంటే ఈ మాటలన్నీ ధైర్యంగా అడగగలం. లేకపోతే చేయి వణుకుతుంది.

ఊళ్లోవాళ్లకి ఒక మనవి. ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన పిల్లాడిని ‘ఏంట్రా, సెలవా?’ అని వీధిలో ఆపి అడగొద్దు.

ఇంటి నుంచే పని చేసుకోవచ్చుగా, ఊళ్లోనే ఉండొచ్చుగా?

కరోనా రెండేళ్లూ అలాగే చేశాం. వరిచేల మధ్య వసారాలో కూర్చుని సియాటిల్‌తో మాట్లాడాం. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసు మామూలైంది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులూ రమ్మంది. బ్యాడ్జి లెక్కలు చూస్తున్నారు కాబట్టి ‘ఎవరు చూస్తారులే’ అనుకోవద్దు.

ఊరి నుంచి చేసేవాళ్లకి ఇన్వర్టరు, రెండు వేర్వేరు ఇంటర్నెట్ కనెక్షన్లు తప్పనిసరి. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ దొరికే చోటికి గోదావరి దాటి వెళ్లాల్సొచ్చింది. తుఫాను రోజుల్లోనూ అంతే. అలాంటి రోజున మేనేజర్‌కి ముందే మెసేజ్ పెట్టేయాలి. హైదరాబాద్‌లో ఎండ కాస్తుంటే ఇక్కడ కరెంటు లేదని వాళ్లకి తెలిసే దారి లేదు.

అమెరికా పంపిస్తారా?

పంపొచ్చు, కానీ ఆ లెక్క మీద చేరకండి. కంపెనీలో ఏడాది పూర్తయ్యాక ఎల్-1 మీద, అంటే అదే కంపెనీ అమెరికా ఆఫీసుకి బదిలీ అయ్యే వీసా మీద పంపే వీలుంది. దానికి లాటరీ లేదు గానీ, ఆ కంపెనీ వదిలేస్తే ఆ వీసా పనికిరాదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాలు ఏడాదికి 65 వేలమందికి, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లు మరో 20 వేలమందికి, అంతే. ఆపైన లాటరీ. 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి వచ్చే కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక కంపెనీలు ఆచితూచి అడుగేస్తున్నాయి. అక్కడ హెచ్-1బీ మీద ఉండగా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా బయల్దేరాలి. గ్రీన్‌కార్డు ఏ ఒక్క దేశంవాళ్లకీ 7 శాతం మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది.

ఆడపిల్లని పంపొచ్చా? రాత్రి పూట ఎలా వస్తుంది?

పంపండి. రాత్రి ఆలస్యమైతే కంపెనీ క్యాబ్ ఉంటుంది. చివరి డ్రాప్ అమ్మాయిదైతే గార్డు తోడుంటాడు. పదిమంది, ఆపైన ఉన్న ఏ ఆఫీసులోనైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలి. పెద్ద కంపెనీల్లో అది నిజంగా పనిచేస్తుందా అంటే, నేను చూసినంతవరకు రాతపూర్వకంగా వెళ్తే కదులుతుంది, నోటిమాటగా చెప్తే కదలదు.

మెటర్నిటీ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, జీతంతో. సెలవు దొరకడం కష్టం కాదు, తిరిగొచ్చాక సంగతే చూసుకోవాలి. నేను వచ్చేసరికి నా ప్రాజెక్టు వేరేవాళ్ల చేతికి వెళ్లింది, ఆ ఏడాది రేటింగ్ ‘సగం ఏడాదే ఉన్నావుగా’ అన్న మాటతో తేల్చేశారు. వెళ్లేముందే, వచ్చాక ఏ పని నాది, రేటింగ్ ఏ నెలల లెక్కన అని అడిగి మెయిల్‌లో పెట్టించుకోమని నా జూనియర్లందరికీ చెప్తుంటాను. ఇద్దరికి మెయిల్‌లో పెట్టినట్టే జరిగింది కూడా.

అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ ఉంటుందా?

చాలా కంపెనీల్లో ఉంటుంది, కొంత ప్రీమియం మన జీతంలోంచి కోస్తారు. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకి కూడా మొదటిరోజు నుంచే వర్తిస్తుంది. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. కానీ మన చివరి పనిరోజుతో అదీ ఆగిపోతుంది. బయట సొంత పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే వాళ్లకి చిన్న పాలసీ ఒకటి విడిగా మొదలుపెట్టేయండి.

విశాఖకి గూగుల్ వస్తోందిగా, మనవాడికి అక్కడే వస్తుందా?

2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్. డేటా సెంటర్, ఆఫీసు ఒకటి కావు. కట్టేటప్పుడు వేలమందికి పని, నడిచేటప్పుడు కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ చూసేవాళ్లు కావాలి. ఎలక్ట్రికల్, మెకానికల్ చదివినవాడైతే కన్నేసి ఉంచమనండి. కోడ్ రాసేవాడైతే విశాఖలో టీసీఎస్‌కి 99 పైసలకి ఇచ్చిన 21.16 ఎకరాల లాంటి ఆఫీసు క్యాంపస్‌ల వైపు చూడాలి. కాకినాడ నుంచి విశాఖ రాత్రికి ఇల్లు చేరే దూరమే.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా?

మా టీమ్‌లో ఇప్పుడు మామూలు కోడ్ చాలావరకు అదే రాస్తోంది. రాసింది చదివి, తప్పు పట్టి, పంపడమా ఆపడమా తేల్చేది మేం. దానివల్ల చదివే పని పెరిగింది. కొత్తవాళ్లకి ఇచ్చే చిన్న చిన్న పనులు తగ్గాయి, ఇదే నాకు బెంగ. ఆ చిన్న పనులు చేస్తూనే మేమంతా నేర్చుకున్నాం. ఫైనలియర్ పిల్లలకి చెప్పేది ఒకటే: అది రాసిచ్చిన ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలిగితేనే దాన్ని వాడండి.

మానేసి ఊరొచ్చేసి చెరువులు చేసుకుంటే?

నెలకోసారైనా ఈ ఆలోచన రాని గోదావరివాడు మాలో లేడు. చెరువుల్లో ఏముందో మా నాన్నని అడగండి. రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వస్తే పంటంతా వారంలో పోతుంది, అమెరికా సుంకాలు పెంచితే భీమవరంలో రేటు పడిపోతుంది. అక్కడా అమెరికాయే. సరే, రావాలనే ఉంటే తేదీలు చూసుకుని రండి. ఐదేళ్లు నిండడానికి కొద్ది నెలలే ఉంటే ఆగండి, గ్రాట్యుటీ వస్తుంది. తర్వాతి విడత షేర్లు ఏ తేదీకి పడతాయో చూసుకోండి, ఒక్కరోజు ముందు మానేసినా అవి పోతాయి. నోటీసు పీరియడ్ మా లాంటిచోట్ల ఒకటి రెండు నెలలు, సర్వీస్ కంపెనీల్లో మూడు నెలలు. పే స్లిప్పులు, ఫారం 16, షేర్ల స్టేట్‌మెంట్లు చివరి వారంలోనే దించుకుని సొంత మెయిల్‌లో పెట్టుకోండి, కోడ్ మాత్రం ఒక్క లైను కూడా తీసుకెళ్లొద్దు. పీఎఫ్ ఖాతాకి కంపెనీ నంబరు కాకుండా సొంత ఫోన్ నంబరు లింకయిందో లేదో చూసుకోండి. చివరిరోజు సాయంత్రానికి లాగిన్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఏది కావాలన్నా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి వారాలు ఎదురుచూడాలి.